ఎర్ర చుక్క పెట్టిన ముక్క

క్సార్ హెలాల్ ఊరి ఆడవాళ్లు పెళ్లి గుడ్డలు కొనడానికి వెళ్తే దలందాను వెంటబెట్టుకుని వెళ్లేవాళ్లు. రెండు తానులూ ఒకే రంగని దుకాణదారు ఒట్టు పెట్టినా, ఆమె రెండు కొసలూ పట్టుకుని గుమ్మం దాకా వచ్చి, వెలుతురులో ఒకసారి వంచి చూసి, "ఇది వేరే రోజు అద్దింది" అనేది. అంతే. బేరం సంగతి మిగతావాళ్లు చూసుకునేవాళ్లు.

మనిషి మెతక. నలుగురి ముందు నోరు విప్పాలంటే మెడ దాకా ఎర్రబడేది. ఆమెకు పదమూడేళ్లప్పుడు తండ్రికి చేతులు వణికే జబ్బొచ్చి మగ్గం దిగాడు. అప్పుడే బడి మానేసి, ఊరి చివర జీన్స్ ప్యాంట్లు కుట్టే కార్ఖానాలో చేరింది. మొదట దారాలు కత్తిరించింది. రెండేళ్ల తర్వాత తనిఖీ బల్ల దగ్గరికి మార్చారు. ఆ బల్లకు పెద్ద బెయ్యా పిన్ని. చేతికి నలభై ఒకటో నంబరు ముద్ర ఇచ్చిన రోజున ఆవిడ దలందాకు ఒకే ఒక పద్ధతి నేర్పింది.

"ప్రతి కట్టలోంచీ ఒక ముక్క తీసి పక్కన పెట్టు. దాన్ని రంగులో ముంచకూడదు, ఉతక్కూడదు, ఏమీ చెయ్యకూడదు. దాని మూల ఎర్ర చుక్క పెట్టు. అది సాక్షి ముక్క. అది ఉంటేనే మిగతావాటికి మనం ఏం చేశామో తెలుస్తుంది."

"మర్చిపోతే పిన్నీ?"

"మర్చిపోతే ఆ కట్ట మీద నీ ముద్ర వెయ్యకు. వేశావని తెలిసిందో, నిన్ను నేనే గేటు దాటిస్తాను."

పద్దెనిమిదేళ్లు దలందా ఎప్పుడూ మర్చిపోలేదు. తర్వాత ఒక సోమవారం పొద్దున వెళ్లేసరికి గేటుకు గొలుసు వేలాడుతోంది. లోపల మిషన్లు కూడా లేవు. నలభై ఒకటో నంబరు ముద్ర ఆమె సంచీలోనే ఉండిపోయింది.

ఆ ఏడాదే మొనస్తీర్‌లోని ఒక పరిశోధనాశాలలో ఊడ్చి తుడిచే పని దొరికింది. సాహెల్ తీరం వెంట నడిచే రైల్లో వెళ్లి రావాలి. మూడో అంతస్తులో నాలుగు గదులు. చివరి గదిలో కిటికీలకు నల్ల తెరలు, మధ్యలో మైక్రోస్కోప్, దాని ముందు చక్రాల స్టూలు, స్టూలు మీద ఎప్పుడు చూసినా షీరాజ్.

షీరాజ్‌ది గాబెస్ ఊరు. వయసు ఇరవై ఏడు. డాక్టరేట్ కోసం హాస్టల్లో ఉంటోంది. మైక్రోస్కోప్‌లో కనిపించేది పక్కనున్న తెర మీద కూడా పడుతుంది. తెరంతా ఊదారంగే. ఆ ఊదారంగులో ఏదో వెతుకుతూ ఆ పిల్ల గంటల తరబడి కూర్చునేది. ఒకరోజు దలందా స్టూలు కింద తుడవడానికి వంగి, లేచేటప్పుడు తెర వైపు చూసింది.

"ఆ మూల," అంది, అనుకోకుండానే.

"ఏ మూల?"

"పైన, ఎడమ పక్క. అక్కడ ఇంకో ఛాయ ఉంది."

షీరాజ్ ముక్కు తెరకు ఆనించినంత పని చేసింది. "నాకేం కనబడట్లేదు అక్కా."

"ఉంది. ఒక్కసారి ముంచిన గుడ్డకీ రెండుసార్లు ముంచిన గుడ్డకీ ఉండే తేడా అంత."

షీరాజ్ ఆ చోటును దగ్గరికి తెచ్చుకుంది, ఏదో పరీక్ష చేసింది. తర్వాత స్టూలు వెనక్కి నెట్టి, రెండు చేతులూ తల మీద పెట్టుకుంది. "పొద్దుటి నుంచీ చూస్తున్నా. నువ్వు బకెట్ పట్టుకొచ్చి చెప్పేశావు. నేను చదువు మానేసి ఊడుస్తాను, నువ్వు ఇక్కడ కూర్చో."

"నీకు ఊడ్చడం రాదు," అంది దలందా. "నీ బల్ల చూస్తేనే తెలుస్తోంది."

అలా మొదలైంది. నెల తిరిగేలోగా దలందా మధ్యాహ్నాలు ఆ స్టూలు మీదే కూర్చునేది. నల్లగా మెరిసే గ్రాఫైట్ పలుకును టేపుకు అంటించి, టేపును మడిచి విప్పి, మళ్లీ మడిచి విప్పి, మెరుపు పోయి బూడిద రంగు వచ్చేదాకా పొరలు ఊడదీయడం నేర్చుకుంది. ఆ టేపును సిలికాన్ బిళ్ల మీద నొక్కి, వెచ్చబెట్టి, నెమ్మదిగా లాగేస్తే బిళ్ల మీద వందల తునకలు మిగులుతాయి. వాటిలో ఒంటి రేకు ఏదో కనిపెట్టాలి. ఒంటి రేకు అంటే గ్రాఫీన్. మిగతా విద్యార్థులకు వారానికి ఒకటి దొరికితే గొప్ప. దలందాకు ఒక్క పూటలో నాలుగైదు దొరికేవి.

మధ్యాహ్నం ఇద్దరూ వెనక మెట్ల మీద కూర్చుని తినేవాళ్లు. దలందా మట్టి పొయ్యిలో కాల్చిన తబూనా రొట్టె, హరీసా మిరపకారం, ఆలివ్ నూనె తెచ్చేది. హాస్టల్ తిండి తిట్టుకుంటూ షీరాజ్ సగానికి పైగా తినేసేది. ఆ మెట్ల మీదే ఒకరోజు తన చదువు గురించి చెప్పింది.

"కింద ఒక రేకు. మందం ఒక్క పరమాణువు, అంతకంటే పల్చన చెయ్యడం కుదరదు. దాన్ని మందునీళ్లలో ముంచితే దాని మీద అణువులు గడ్డి మొలిచినట్టు వరసగా నిలబడతాయి. వాటి మీద ఇంకో రేకు పరుస్తాం. పై రేకులోంచి కింది రేకులోకి కరెంటు దిగాలంటే ఆ గడ్డిలోంచే దిగాలి. ఎంత దిగుతుంది, ఎలా దిగుతుంది, అదే నా థీసిస్."

"మనం నూనెలో వేయించుకునే బ్రిక్ లాగన్న మాట. పైనా కిందా రేకు, మధ్యలో గుడ్డు."

"అంతే. కాకపోతే మన గుడ్డు ఒక్క అణువు ఎత్తు."

"అయితే ఆకలి తీరదు."

షీరాజ్ నవ్వీ నవ్వీ పొలమారింది. దలందా ఆమె వీపు తట్టింది. తర్వాత అడిగింది. "గడ్డి మొలవని చోటు ఉంటే? పై రేకు జారి కింది రేకుకు తగులుతుంది కదా?"

"తగిలితే కరెంటంతా అక్కడి నుంచే పోతుంది. అప్పుడు మనం కొలిచేది అణువును కాదు, చిల్లును. అసలు భయం అదే అక్కా. అణువులోంచే వచ్చిందని ఎట్లా తెలుస్తుంది? అణువు పొడుగు పెంచితే కరెంటు బాగా తగ్గాలి. తగ్గిందంటే నమ్మొచ్చు."

ఆ మాట విన్నాక దలందా మరునాడే ఒక పని మొదలుపెట్టింది. ఎవరూ చెప్పలేదు. చెప్పాలని ఆమెకు తోచనూ లేదు. అప్పటికి రేకులు ముంచడం, పరచడం కూడా ఆమె చేతి పనే. ప్రతి పెట్టెలో పన్నెండు ముక్కలుంటాయి. వాటిలో ఒకదాన్ని మందునీళ్లలో ముంచకుండా, ఉత్త రేకు మీద ఉత్త రేకు పరిచి, మిగతావాటి పక్కనే పెట్టేది. కరెంటు కొలవడానికి కావలసిన బంగారు తీగలు అన్నింటికీ ఒకేలా వేసేది. ఆ ముక్క మూల మాత్రం ఎర్ర చుక్క. దానికి వాడిన గోళ్ల రంగు సీసా షీరాజ్ ఇచ్చిందే. పండక్కి ఇంటికెళ్లి వస్తూ తెచ్చింది. "నా గోళ్లు చూడు, బకెట్‌లో నానే గోళ్లు," అని దలందా అంటే, "అయితే దేనికైనా వాడుకో" అంది. ఆ సీసా దేనికి వాడిందో దలందా చూపించినప్పుడు షీరాజ్ నవ్వి, "నువ్వు కార్ఖానా వదిలినా కార్ఖానా నిన్ను వదల్లేదు" అంది.

ముక్కలకు విద్యార్థులు అంకెలు వేసేవాళ్లు. దలందాకు అంకెలు గుర్తుండవు, ఆకారాలే గుర్తు. రేకులు ఎప్పుడూ ఒకేలా చిరగవు కదా. ఒకటి సార్డీన్ చేప, ఒకటి చెప్పు, ఒకటి బెయ్యా పిన్ని ముందు పన్ను. గళ్ల నోటుబుక్కులో ప్రతిదాని బొమ్మా వేసి, పక్కన తేదీ వేసుకునేది. సాక్షి ముక్క అయితే బొమ్మ మీద కూడా ఎర్ర చుక్క పెట్టేది.

శాల పెద్ద రిధాను అందరూ మర్యాదగా సీ రిధా అంటారు. ఆయన ఒకరోజు తలుపు దగ్గర నిలబడి ఆమె పని చూశాడు. చాలాసేపు చూశాడు. "షీరాజ్ థీసిస్ అయిపోనీ," అన్నాడు. "నీకు ఇక్కడ టెక్నీషియన్ పోస్టు వేయిస్తాను. కాగితాల మీద. ఆ బకెట్ ఇంకెవరైనా మోస్తారు."

ఆ సాయంత్రం దలందా రైల్లో కిటికీ పక్కన కూర్చుని ఆ మాటను తనలో తానే ఎన్నిసార్లు చెప్పుకుందో లెక్కలేదు. తన కంటి చూపుకు ఒక ప్రభుత్వ కాగితం. తనకని ఒక స్టూలు.

రెండేళ్లు గడిచాయి. థీసిస్ అచ్చయి వచ్చింది. నీలం అట్ట. అందరూ చేతులు మార్చుకుంటున్నారు. శాలకు పేరు తెచ్చే సంగతి ఏదో అందులో ఉందని సీ రిధా అందరికీ చెబుతున్నాడు. షీరాజ్ తీసుకున్న పొడుగు అణువులో కరెంటు తగ్గలేదట. పొట్టి అణువులో ఎంత పోయిందో ఇందులోనూ అంతే పోయిందట. ఇంతకుముందు ఎవరూ చూడనిది.

దలందా ఫ్రెంచి అక్షరాలు కూడబలుక్కుని చదవగలదు. అయితే ఆమెకు కావలసింది బొమ్మలు. తన రేకులు అచ్చులో ఎలా ఉన్నాయో చూసుకోవాలని మెట్ల మీద కూర్చుని పేజీలు తిప్పింది. చేప ఉంది. చెప్పు ఉంది. తొంభైయారో పేజీలో, ఆ పొడుగు అణువు గీత పక్కన, ఎడమ చెవి తెగిన గాడిద ఉంది.

ఆమె పేజీని వెలుతురుకు వంచి చూసింది. ఆ గాడిద సాక్షి ముక్క. దాని మధ్యలో అణువు లేదు. ఏమీ లేదు.

షీరాజ్ తినడానికి వచ్చినప్పుడు దలందా పేజీ విప్పి చూపింది. "చెల్లీ, ఇది గాడిద."

"ఏ గాడిద?"

"ఎర్ర చుక్కది. దీన్ని నేను ముంచలేదు. పొరపాటున దీన్ని కొలిచినట్టున్నావు."

షీరాజ్ రొట్టె తుంచబోతూ ఆగింది. ముందు మెట్ల కిందికి చూసింది, తర్వాత పైకి చూసింది. "ఎవరికైనా చెప్పావా?"

"నీకే చెప్తున్నా."

"చెప్పకు. నేను మళ్లీ కొలుస్తాను, ఆ పేజీ మారుస్తాను. మా అమ్మ గాబెస్‌లో అందరికీ మిఠాయి పంచేసింది అక్కా. నాకు వారం ఇవ్వు చాలు."

"ఇవ్వడానికి నేనెవర్ని. పొరపాటు ఎవరికైనా అవుతుంది," అంది దలందా. ఆ శుక్రవారం ఆమె కోసం ఆక్టోపస్ వేసి కుస్కుస్ వండి తెచ్చింది. షీరాజ్ కళ్లనీళ్లు పెట్టుకుని తిని, "నువ్వు నాకు అక్కవే" అంది. దలందాకు ఆ రోజు మనసు తేలికపడింది.

రెండు వారాల తర్వాత, థీసిస్ మీద ప్రశ్నలడిగే డాక్టరేట్ సభకు మూడు రోజుల ముందు, పరీక్షకురాలు ప్రొఫెసర్ అర్బియా ట్యూనిస్ నుంచి వచ్చింది. పొట్టి మనిషి, మెడలో కళ్లజోడు గొలుసు. నల్ల తెరల గదిలో సీ రిధా, షీరాజ్, ఆవిడ కూర్చున్నారు. దలందా టీ పళ్లెం పట్టుకుని లోపలికి వచ్చేసరికి ఆవిడ తొంభైయారో పేజీ తెరిచి ఉంది. పేజీ మారలేదు. గాడిద అక్కడే ఉంది.

"అణువు పొడుగు పెరిగినా కరెంటు తగ్గలేదంటున్నావు," అంది అర్బియా. "అయ్యుండొచ్చు. కానీ రెండు రేకుల మధ్య టేపు జిగురో, సముద్రపు తేమో చిక్కుకున్నా ఇలాంటి గీతే వస్తుంది. మధ్యలో ఏ అణువూ పెట్టని ముక్క ఒకటైనా కొలిచావా, పోల్చుకోవడానికి?"

"లేదు మదామ్," అంది షీరాజ్. "అలాంటివి మేం చెయ్యలేదు."

దలందా మెడ దాకా ఎర్రబడింది. పళ్లెం బల్ల మీద పెట్టి వెళ్లిపోవచ్చు. పెట్టింది గానీ వెళ్లలేకపోయింది.

"ఉన్నాయి," అంది.

ముగ్గురూ తిరిగి చూశారు.

"ప్రతి పెట్టెలో ఒకటి ఉంది. ఎర్ర చుక్క పెట్టాను. ఆ బొమ్మలో ఉన్నది కూడా అదే."

సీ రిధా పెట్టె తెప్పించాడు. మూత తీశాడు. గాడిద తన చోటులోనే ఉంది. ఎర్ర చుక్క లేదు. చుక్క ఉండాల్సిన మూల, ఒక గుండ్రని చోట, మిగతా బిళ్ల కంటే శుభ్రంగా మెరుస్తోంది. ఆ మెరుపు దలందాకు తెలుసు. గోళ్ల రంగు కరిగించే అసిటోన్‌తో తుడిచిన మెరుపు. రోజూ గాజు పాత్రల మీద చూసేదే.

"చుక్క ఏదమ్మా?" అన్నాడు సీ రిధా.

దలందా షీరాజ్ వైపు చూసింది. షీరాజ్ తన గోళ్ల వైపు చూసుకుంటోంది.

"తుడిచేశారు," అంది దలందా. "రెండు వారాల కింద చెల్లికి చెప్పాను. వెనక మెట్ల మీద."

"నాకేం చెప్పలేదు సార్." షీరాజ్ గొంతు చాలా మామూలుగా ఉంది. "ఆమె శుభ్రం చేసే మనిషి. చేతి పని బాగుంటుందని కూర్చోనిచ్చాను. నేను లేనప్పుడు ముక్కలు ఈ పెట్టెలోవి ఆ పెట్టెలో పెట్టిందేమో. అంకెలు సరిగా చదవలేదు కదా, నాదే తప్పు, చూసుకోవాల్సింది."

దలందా చెవుల్లో ఒక్క మాటే ఆగిపోయింది. శుభ్రం చేసే మనిషి. రెండేళ్లలో ఆ పిల్ల నోట ఆ మాట వినలేదు. గొంతులో కోపం కూడా లేదు. కోపం ఉంటే బాగుండేది. ముందే కూర్చి పెట్టుకున్న మాటలా వచ్చింది. దలందాకు మెట్ల మీది కుస్కుస్ గుర్తొచ్చింది. షీరాజ్ కళ్లనీళ్లు పెట్టుకుని తింటున్నప్పటికే ఆ చుక్క తుడిచేసి ఉంటుందా? తొలిసారి కొలిచింది పొరపాటే అయ్యుండొచ్చు. తుడవడం మాత్రం పొరపాటు కాదు.

ఆమె అల్మారా దగ్గరికి వెళ్లి, చీపుళ్ల వెనక నుంచి గళ్ల నోటుబుక్కు తీసుకొచ్చి అర్బియా ముందు పెట్టింది. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని పేజీలు తిప్పింది. చేప, చెప్పు, పన్ను. గాడిద దగ్గర ఆగింది. తెగిన చెవి, తేదీ, ఎర్ర చుక్క. ఆ చుక్కను వేలితో తడిమింది. థీసిస్ బొమ్మను దాని పక్కన పెట్టి చూసింది.

"నిన్ను ఈ ముక్క పెట్టమని ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు మదామ్."

"మరెందుకు పెట్టావు?"

"పెట్టాలి కదా," అంది దలందా.

అర్బియా పుస్తకం మూసింది. "ఆరు నెలలు ఆగుదాం," అంది సీ రిధాతో. "కొత్త రేకులు, కొత్త కొలతలు. ఈవిడ పెట్టినటువంటి ముక్కతో కలిపి." టీ ముట్టకుండా లేచింది.

మరునాడు పొద్దున సీ రిధా తన గదికి పిలిచాడు. బల్ల మీద రెండు కాగితాలున్నాయి.

"కూర్చో దలందా. చూడు, నేను నిన్ను తప్పుపట్టడం లేదు. ఆ పిల్ల భవిష్యత్తు ఉంది, శాల పేరు ఉంది. ముక్కలు తారుమారయ్యాయి అంటే పొరపాటు. తుడిచేశారు అంటే..." ఆయన ఒక కాగితం ఇటు తిప్పాడు. "ముక్కలు తెలియక కలిపేశానని నువ్వు సంతకం పెడితే సరిపోతుంది. నిన్నెవరూ ఏమీ అనరు. ఆ రెండోది నీ పోస్టు సిఫారసు. రెండూ ఇవాళే పంపిస్తాను."

దలందా రెండో కాగితాన్ని చదివింది. తన పేరు, తండ్రి పేరు, టెక్నీషియన్ అన్న మాట. అన్నీ సరిగానే ఉన్నాయి. తర్వాత మొదటి కాగితం చదివింది. నెమ్మదిగా చదవడం వల్ల చాలాసేపు పట్టింది.

"నేను కలపలేదు సార్."

"తెలుసమ్మా. ఊరికే కాగితం."

"నా కన్ను చూసే కదా సార్ పోస్టు ఇస్తామన్నారు. నాకు కన్ను లేదని రాసిస్తే పోస్టు దేనికి ఇస్తారు?"

సీ రిధా కిటికీ వైపు తిరిగాడు. "అయితే ఇకపై మధ్యాహ్నాలు ఆ గదిలో కూర్చోవద్దు. పని చూసుకో."

ఆమె లేచి, కాగితాలు రెండూ ఆయన వైపు తిన్నగా జరిపి, బయటికి వచ్చింది. సంచీలో గోళ్ల రంగు సీసా ఉంది. తీసి, నల్ల తెరల గది గుమ్మం పక్కన గూట్లో పెట్టేసింది.

తర్వాత వారమంతా ఆమె బకెట్‌తో ఆ వరండాలో తిరిగింది. గది తలుపు సగం తెరిచి ఉండేది. స్టూలు మీద షీరాజ్. తెర నిండా ఊదారంగు. టేపు చుట్లు కింద పడి ఉండేవి. దలందా వాటిని ఏరి చెత్తలో వేసేది, తెర వైపు చూసేది కాదు. కళ్లు మాత్రం ఊరుకునేవి కావు. గురువారం నాడు తుడుచుకుంటూ గుమ్మం దాకా వచ్చేసరికి తెర మీద కింది కుడి మూల ఒక ఛాయ కనబడింది. పెద్దది, చక్కనిది, అంచు చిరగని ఒంటి రేకు. షీరాజ్ దాన్ని దాటేసి పైకి వెళ్లిపోయింది.

కాసేపటికి షీరాజ్ స్టూలు తిప్పింది. కళ్ల కింద నలుపు. "అక్కా," అంది. చాలా మెల్లగా అంది. "ఆరు రోజులైంది. ఒక్కటి కూడా దొరకలేదు. ఒక్కసారి వచ్చి చూడవా?"

దలందా గుడ్డ పిండింది. గుమ్మానికి అడ్డంగా, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఇంకోసారి తుడిచింది. నీళ్లు నేల మీద మెరుస్తున్నాయి. షీరాజ్ లేచి రెండడుగులు ముందుకు వచ్చింది.

"నేల తడిగా ఉంది," అంది దలందా తల ఎత్తకుండా. "ఆరేదాకా అటే ఉండండి మదామ్."

బకెట్ ఎత్తుకుని పక్క గదికి వెళ్లింది.